మేనకోడలి చేతికిచ్చిన చీటీ

మొన్న ఆదివారం మా మేనకోడలు ఒక సంచీ నిండా అట్టముక్కలు తెచ్చి నా మంచం మీద పరిచింది. ఒక్కో ముక్క మీద ఒక్కో తెలుగు అక్షరం, కొన్నిటి మీద ఒట్టి కొమ్ము, ఒట్టి గుడి, ఒట్టి ఏత్వం. చదవడంలో వెనకబడ్డ పిల్లలకు ఎలా సాయం చేయాలో కొత్త టీచర్లకు నేర్పించే పని ఈ మధ్య దాని నెత్తిన పడింది. వచ్చే నెలలో మూడు రోజుల ట్రైనింగట, మొదటి రోజు నేను వచ్చి కూర్చుని, నా రోజుల్లో అలాంటి పిల్లలను ఎలా దారికి తెచ్చానో చెప్పాలిట. డెబ్బై దాటి, మోకాళ్ళు మొరాయిస్తున్న ముసలిదాన్ని తప్ప ఈ ఖరగ్‌పూర్‌లో ఇంకెవరూ దొరకలేదా అని విసుక్కున్నాను గానీ, నా బాధ మోకాళ్ళ గురించి కాదు. ముప్పై అయిదేళ్ళుగా దానికి చెప్పకుండా దాచిన సంగతి ఒకటి నా కడుపులో ఉంది. అది చెప్పకుండా ఆ టీచర్ల ముందు గొప్పగా కూర్చుంటే అబద్ధం ఆడినట్టే.

నా ఈడువాళ్ళకు ఇక్కడి మా తెలుగు బడి రోజుల గురించి వేరే చెప్పక్కర్లేదు. రైల్వే వర్క్‌షాపు సైరన్‌కి ఊరంతా లేచేది, రెండో సైరన్‌కి సైకిళ్ళు బారులు తీరేవి, ఆ సైకిళ్ళ సందుల్లోంచి మా పిల్లలు పలకలూ పుస్తకాలూ పట్టుకుని బడికి వచ్చేవారు. నాది మూడో తరగతి. నేను ఒక వాక్యం చదివితే నలభై గొంతులు దాన్ని తిరిగి అనేవి, పాఠం పూర్తయ్యేసరికి పక్క గదిలో హెడ్మాస్టరు గారు కూడా తృప్తిగా తల ఊపేవారు. పిల్లలు చదువుతున్నారనే నేను అనుకున్నాను, వాళ్ళు పాడుతున్నారని నాకు తట్టలేదు.

ఆ నలభై మందిలో మా అన్నయ్య కూతురు ఒకతె, అదే ఈ మేనకోడలు. అన్నయ్య వర్క్‌షాపులో ఫిట్టరు, ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో మా క్వార్టరుకి రెండు వీధుల అవతల వాళ్ళది. పాఠం మొదటినుంచి చెప్పమంటే ఆ పిల్ల గడగడా చెప్పేది. మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి ఇదేమిటంటే మాత్రం నోరు కట్టుబడిపోయి, మళ్ళీ మొదటి వాక్యం నుంచి గొణుక్కుంటూ ఆ వేలి దాకా రావడానికి చూసేది. అక్షరాలైనా అంతే, 'ల' చూపిస్తే 'య ర ల' అని వరసన అందుకుంటే తప్ప చెప్పలేకపోయేది. నేను దాన్ని మొండితనం అనుకున్నాను. వీధిలో బెంగాలీ పిల్లలతో ఆడి నాలుక పాడయిందని వదినకు నూరిపోసి ఆ ఆటలు మాన్పించాను. సొంత మేనకోడలిని వెనకేసుకొస్తోందని పదిమందీ అనుకోకూడదని, మిగతావాళ్ళకు ఒక మొట్టికాయ వేస్తే దానికి రెండు వేశాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా చేయి నాకే బరువుగా ఉంది.

రెండేళ్ళు అదే తరగతిలో కూర్చున్నాక, ఏం చేయమంటావని అన్నయ్య కబురు పెట్టాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నేర్పలేని నేను తప్పంతా పిల్ల మీదికి నెట్టాను. నోటుపుస్తకంలోంచి కాగితం చింపి, 'దీనికి చదువు రాదు. ఇక్కడ ఉంచి లాభం లేదు. వేసవిలో అమ్మమ్మ గారి ఊరికి పంపించెయ్, ఇంటి పనైనా నేర్చుకుంటుంది' అని రాసి, మడత కూడా పెట్టకుండా ఆ పిల్ల చేతికే ఇచ్చాను. ఎలాగూ చదవలేదు కదా అనుకున్నాను. అమ్మమ్మ గారి ఊరు శ్రీకాకుళం అవతలెక్కడో లోపలికి, అక్కడికి వెళ్తే దాని చదువు అంతటితో సరి. అదేమీ తెలియని ఆ పిల్ల అత్త తనకు పని చెప్పిందన్న సంతోషంతో చీటీ పట్టుకుని గెంతుకుంటూ పోయింది.

ఎండలు ముదరకముందే మా టీచర్లకు మూడు రోజుల ట్రైనింగ్ వచ్చింది. పదేళ్ళ సర్వీసున్న నాకు ఇప్పుడు అ ఆలు నేర్పుతారా అని ముక్కు విరుచుకుంటూ వెళ్ళాను. నేర్పడానికి వచ్చినావిడ విశాఖపట్నం వైపు మనిషి, నెరిసిన జుట్టు, నేత చీర, గొంతు ఎప్పుడూ పెంచని మనిషి. మీలో బెంగాలీ ఎందరికి వచ్చని మొట్టమొదట అడిగారు. అందరం చేతులెత్తాం. గోల్‌బజార్‌లో చేపల బేరమూ బెంగాలీలోనే, పక్కింటి దీదీతో కుళాయి దగ్గర పోట్లాటా బెంగాలీలోనే, ఎత్తమా మరి. అప్పుడావిడ బెంగాలీ పిల్లల వాచకంలోంచి ఒక పేజీ అందరికీ పంచి, తను ఒకసారి చదివి వినిపించి, ఇప్పుడు మీరు చదవండన్నారు. మాకు ఆ భాష మాట్లాడటమే తెలుసు, ఆ లిపి ఎవరం నేర్చుకోలేదు.

నా వంతు వచ్చింది. విన్న మొదటి రెండు వాక్యాలు అప్పజెప్పి, పేజీలో ఉన్న పడవ బొమ్మ చూసి మిగతాది చక్కటి బెంగాలీలో అల్లేశాను. పక్కవాళ్ళు మెచ్చుకున్నారు కూడా. ఆవిడ పేజీ మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టారు. మొదటి వాక్యం నుంచి లోలోపల గొణుక్కుంటూ ఆ వేలి దాకా రావడానికి చూశాను, సగం దారిలో మా మేనకోడలు గుర్తొచ్చింది. అంతమంది టీచర్ల మధ్య నిలబడి ఏడ్చేశాను. ఆవిడ నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు గానీ, వేలు మాత్రం ఆ మాట మీదనుంచి తీయలేదు.

ఆ సాయంత్రం ఇంటికి కూడా పోకుండా అన్నయ్య క్వార్టరుకి వెళ్ళాను. పిల్లను పంపవద్దంటే ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏటి సెల్లీ, సదువు రాదని నువ్వే రాసి పంపినావు కదా. రైలు పాసు కూడా తీసీసినాను."

"దానికి రాకపోడం కాదన్నయ్యా, నేర్పడం నాకే రాలేదు. ఈ సెలవులు నాకియ్యి, ఆనక నీ ఇష్టం."

అన్నయ్య ఒప్పుకున్నాడు. పొద్దున పావుగంట, సాయంత్రం పావుగంట, మా వరండాలో మేమిద్దరమే కూర్చునేవాళ్ళం. ట్రైనింగ్‌లో ఆవిడ చెప్పినట్టే ముందు నేను నోరు మూసుకుని, పిల్ల ఎక్కడ ఆగుతోందో రాసుకున్నాను. ఆగినప్పుడు మాట అందించకుండా ఓపిక పట్టడం నాకు కొత్త, అది ఆ పిల్లకంటే నాకే కష్టమైంది. పాత శుభలేఖల అట్టలు కత్తిరించి, వరస తప్పించి అక్షరాలు రాశాను. ఏ బెంగాలీ మాటలను వద్దని తిట్టానో, నాలుక మీద ఆడుతున్న ఆ మాటలనే తెలుగు అక్షరాల్లో పెట్టాను. అన్నకు దాదా, అక్కకు దీదీ. ఈ రెంటికీ తేడా అంతా 'ద' నెత్తిన ఉన్న గుర్తులోనే ఉందని అది తనంతట తను కనిపెట్టిన పొద్దున, వీధిలోకి పరిగెత్తి కనబడ్డ వాళ్ళందరికీ చెప్పింది. అన్నయ్య తీసిన పాసు గడువు దాటి మురిగిపోయింది. బడి తెరిచాక రెండు నెలలకు అది ఎన్నడూ వినని పాఠం తప్పులతోనైనా చివరిదాకా చదివింది, ఆ రోజు నేను కడుపు నిండా అన్నం తిన్నాను.

ఈ కథలో చీటీ ముక్క తప్ప మిగతాదంతా మా మేనకోడలికి తెలుసని ఇన్నేళ్ళూ అనుకున్నాను. మొన్న ఆ అట్టముక్కల మధ్య కూర్చుని, కళ్ళెత్తకుండా, ఆ చీటీలో ఏం రాశానో చెప్పేశాను. అది ముక్కలు ఏరి సంచీలో వేసుకుంటూనే ఉంది.

"ఆ సీటీయా అత్తా? ఆ దసరాకే సదివీసినాను నాను. ఇల్లు దులుపుతుంటే నాన్న పెట్టిలో పాసుతోపాటు దొరికింది. బడి పుస్తకం కాకుండా నా అంతట నాను సదివిన మొదటి కాయితం అదే. కూడబలుక్కుని సివరిదాకా సదివీసినానని ఇల్లంతా గెంతినాను. అందులో ఏటుందో ఆనక తెలిసింది."

తెలిశాక ఏడ్చావా అని అడిగాను.

"నవ్వొచ్చింది అత్తా. నాను సదివీసరికే అది అబద్ధం అయిపోనాది కదా."

ముప్పై అయిదేళ్ళ బరువు దిగి, ఆ పూట నేను హాయిగా నిద్రపోయాను. ట్రైనింగ్‌కి వస్తానన్నాను, మొదట చీటీ సంగతే చెబుతానన్నాను. ఇప్పుడు అక్షరాల ముక్కలు అచ్చువేసి రంగుల్లో ఇస్తున్నారు, ఎవరి శుభలేఖా కత్తిరించక్కర్లేదు. మా తెలుగు క్లాసులో నలభై గొంతులూ లేవు, పదిమంది పిల్లలుంటే గొప్ప. పిల్ల గురించి చెప్పదలిస్తే టీచర్లు తండ్రి ఫోనుకి పంపిస్తున్నారు, పిల్లల చేతికి ఎవరూ ఏమీ ఇవ్వడం లేదు. నయమే అనుకుంటాను. కానీ నాలాంటి తొందరపాటు టీచరమ్మ రాసిన మాట ఏ ఫోన్లోనో ఉండిపోతే, అది అబద్ధమైపోయిన రోజున తీసి చదువుకుని నవ్వుకోవడానికి ఆ పిల్లకు దొరుకుతుందో లేదో.