లేత తీగల వైన్

ఇనుప గనులుండే బచేలి సంతలో ఇప్పసారా అమ్మే అవ్వ మా క్వార్టరుకొస్తే మెట్ల మీదే కూర్చునేది. ఏం తాగినా, చివరికి టీ అయినా సరే, ముందు రెండు చుక్కలు నేలకి వదిలేది. ఒకటి పోయిన ముసలాయనకి, ఒకటి పోయిన పెద్దకొడుక్కి. మిరపతోటల పనికెళ్లి ఏళ్లుగా జాడలేని చిన్నకొడుక్కి మాత్రం వదిలేది కాదు. అడిగితే, "వాడొస్తడు" అని కసిరేది.

గనిలో మిషను బిగించడానికొచ్చిన ఫ్రెంచి ఇంజనీరు ఒకాయన వెళ్తూ మా ఆయనకి ఎర్ర వైన్ సీసా ఇచ్చాడు. అవ్వకీ ఆకుదొప్పలో కాస్త పోశాను.

"ఏందిది బిడ్డా?"

"వాళ్ల దేశంలో ఏదో పాతకాలపు ద్రాక్షతోటదట అవ్వా. ముదురు తీగల పళ్లతో మొదటి రకం చేస్తారట. ఇది రెండో రకం, లేత తీగలది."

అవ్వ ఎప్పట్లాగే ముందు రెండు చుక్కలు వదిలింది. ఆగింది.

"అట్లయితే ఇది చిన్నోనిది," అంటూ మిగిలిందంతా నేలకి వంచేసింది.