మా బావ ఎక్కని కొండ

మా బావ పోయాడన్న కబురు ఎల్లారెడ్డి బస్సులో వచ్చింది. వాళ్ల జీతగాడు కామారెడ్డిలో దిగి, మా అరుగు మీద కూర్చుని, మంచినీళ్లు తాగి, అప్పుడు చెప్పాడు: "పటేలు పోయిండు బాపూ. పొద్దుగాల లేపితే లేవలే." నేను చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టాను. ఆ పేపరు ఇప్పటికీ విప్పలేదు.

కర్మలు ముగిశాక కామారెడ్డిలో సంతాప సభ జరిగింది. మా ఊళ్లో సంతాప సభ అంటే పోయినవాడి పేరు చెప్పి ఉన్నవాళ్లు తమ గురించి మాట్లాడుకునే చోటు. వకీలు సాబు లేచి, "పటేలు కొండ మీదికి ఎక్కలేకపోయినా మన గుండెల్లోకి ఎక్కాడు" అన్నాడు. చప్పట్లు పడ్డాయి. సంతాప సభలో చప్పట్లు! ఆ మాట సాయంత్రానికి ఎల్లారెడ్డి చేరింది. మర్నాడు నేను వెళ్లేసరికి మా మేనకోడలు గడపలోనే నిలబెట్టి అడిగింది: "మామా, బాపు నిజంగనే భయపడి మళ్లొచ్చిండా?"

"కొన్ని దినాలు ఆగు బిడ్డా, చెప్త" అన్నాను. ఎందుకు ఆగమన్నానో ముందు ముందు తెలుస్తుంది. ఇది ఆ అమ్మాయికి జవాబు. పక్కవాళ్లు విన్నా నాకు అభ్యంతరం లేదు. వినాలనే అచ్చుకు ఇస్తున్నాను.

నేనూ మా అక్కా పుట్టింది మరాఠీ నేల అంచున ఉన్న మద్నూరులో. అక్కడ పక్కింటి మరాఠీ ఆడవాళ్లు కళసూబాయి అమ్మవారిని తలచుకోని రోజుండదు. ఆమె మరాఠీ వైపు సహ్యాద్రి కొండల్లో అన్నిటికంటే ఎత్తైన శిఖరం మీద ఉంటుంది. ఈ పిల్ల చిన్నప్పుడు స్ఫోటకంతో కళ్లు తెరవకుండా పడి ఉంటే, మా అక్క ఆ తల్లికి మొక్కుకుంది: బిడ్డ బతికితే కొండెక్కి వచ్చి నీకు పసుపు కుంకుమ పెడతానని. బిడ్డ బతికింది. మొక్కు తీరకముందే అక్క పోయింది.

ఏడాది తిరగగానే బావ ప్రయాణం కట్టాడు. అప్పటికే యాభై దాటాయి.

"మన పోచమ్మకు పెడితే చెల్లదా బావా? అంత దూరం ఎందుకు?" అన్నాను.

"ఏ కొండకు మొక్కాల్నో నీ అక్క నన్ను అడిగి మొక్కిందా? పెండ్లాం మొక్కితే మొగడు నడువాలె. నువ్వు మరాఠీ మాట్లాడెటందుకు రా, చాలు."

వకీలు సాబు తనంతట తానే వెంటపడ్డాడు. కొత్త బూట్లు కూడా కొన్నాడు.

మన్మాడ్‌లో బండి మారి, ఇగత్‌పురిలో దిగి, అక్కడి నుంచి కాలినడక. ఆ కొండ కింది పల్లెలో ఒక కట్టుబాటు ఉంది. యాత్రికులను ఇంటి వంతున పంచుకుంటారు. ఎవరి వంతు వస్తే ఆ ఇంటి మనిషి స్టేషనుకు వచ్చి, గుట్టలు దాటించి, శిఖరం చూపించి, మళ్లీ కిందికి దించాలి. ఆ వంతే వాళ్లకు ఏడాది గింజలు. మా వంతుకు వచ్చినవాడు సన్నగా, నల్లగా, ఎప్పుడూ నవ్వుతూ ఉండే కోలీ తెగ మనిషి.

బావ నడకలో అందరికంటే వెనక ఉండేవాడు. పొలం గట్ల మీదా అంతే, పెళ్లి ఊరేగింపులోనూ అంతే. "ఎనుక ఉంటె అందరు కండ్ల ముంగట ఉంటరు" అనేవాడు. ముందు నడిచే వకీలుకు అది వేళాకోళం.

"పటేలా! నడుస్తున్నవా, కొండను దున్నుతున్నవా?"

"దున్నుతున్న వకీల్ సాబ్. ముంగట ఉన్నవు గద, జర రాళ్లు ఏరుకుంట పో."

తిండి దగ్గర మూట విప్పి, మొదటి జొన్నరొట్టె దారి చూపే మనిషికి పెట్టేవాడు. నేను పుస్తకంలో చదివిన కొండల సంగతులేవో చెప్పబోతే, "నీ పుస్తకం తర్వాత. ముందుగాల గాయనకు ఉల్లిగడ్డ ఇయ్యి" అనేవాడు. ఉల్లిగడ్డను బండ మీద పెట్టి పిడికిలితో ఒక్క దెబ్బ వేసేవాడు. ఇంట్లో కత్తిపీట ఉన్నా అంతే.

మూడో రోజు చివరి బండ కిందికి చేరాం. దాని మీద శిఖరం, శిఖరం మీద చిన్న గుడి. ఎగిరే జెండా కూడా కనిపిస్తోంది. అక్కడ మా కోలీ మనిషి నవ్వడం మానేశాడు. గొంగడి బిగించి కప్పుకుని, బండ మీద కాలు పెట్టాడు. కాలు నిలవలేదు.

"బామ్మర్దీ, గాయన చెయ్యి పట్టి సూడు" అన్నాడు బావ వెనక నుంచి.

పట్టుకున్నాను. పెనంలా కాలుతోంది. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. నిజాంసాగర్ కాలువ వచ్చిన నాటి నుంచి మా వైపు చలిజ్వరం తెలియని ఇల్లు లేదు. ఆ మనిషి మాత్రం మరాఠీలో ఒకటే మాట: "ఏం లేదు బాబా, గాలికి వణుకు. పదండి, ఎక్కిస్తాను."

"ఈడ కూసోబెట్టి పోదాం" అన్నాడు వకీలు. "గుడి కనవడ్తనే ఉంది గద. వచ్చేటప్పుడు తీసుకపోదాం."

"వణికేటోన్ని గాలిల ఇడిసిపెట్టి పోయి, అమ్మకు ఏం మొఖం సూపెట్టాలె?" అన్నాడు బావ. నడుముకు కట్టుకున్న పసుపు కుంకుమ పొట్లం విప్పి ఆ బండకే పెట్టి, "ఇంతవరకే వచ్చిన తల్లీ" అన్నాడు. తన శాలువా తీసి ఆ మనిషికి చుట్టాడు. ఒక్కడే అతన్ని భుజాన ఆనించుకుని దిగడం మొదలుపెట్టాడు.

పల్లె కనిపించగానే ఆ మనిషి ఏడ్చాడు. యాత్రికులు మోసుకొచ్చిన వాడి ఇంటికి ఇక వంతు ఉండదట. ఆ మాట నేను బావకు తెలుగులో చెప్పాను. బావ తలపాగా వదులు చేసుకుని, చెయ్యెత్తి ఆ మనిషి మెడ మీద వేసి, బరువంతా వేలాడేసినట్టు వంగాడు.

"నన్నే మోసుకపోతున్నట్టు నడువమను. ఎవలన్న అడిగితే పటేలుకు దమ్ము ఆడలేదని చెప్పుండ్రి. యాభై దాటినోనికి దమ్ము ఆడకుంటె ఎవడు నవ్వుతడు?"

చాలామంది నవ్వారు. ఎవరెవరో నాకు పేరుపేరునా గుర్తుంది.

తిరిగొచ్చి మా ఊళ్లోకి అడుగుపెట్టకముందే మా ఇద్దరిచేతా అమ్మవారి మీద ఒట్టు వేయించాడు, ఎక్కడా చెప్పకూడదని. మద్నూరు నుంచి ఏటా యాత్రికులు పోతుంటారు, మాట రైలెక్కి పోతుందని అతని భయం. వకీలు ఆ ఒట్టును చక్కగా నిలబెట్టుకున్నాడు. తనకు లాభం ఉన్న ఒట్టు ఎవరైనా నిలబెట్టుకుంటారు. కామారెడ్డి స్టేషను ముందు చాయ్ దుకాణంలో ఏళ్ల తరబడి పటేలు దమ్ము కథ చెప్పి నవ్వించాడు. ఎదురుగా ఉన్నప్పుడు బావ కూడా వాళ్లతో కలిసి నవ్వేవాడు. మేనకోడలికి ఒకసారి జ్వరం తగిలితే బావ సొంత అక్కే వాకిట్లో నిలబడి, "సగం కొండ నుంచి మళ్లొస్తె గిట్లనే అయితది" అని అరిచింది. బావ తడిగుడ్డ పిండి బిడ్డ నుదుట వేస్తూనే ఉన్నాడు.

హిమాలయం ఎక్కబోయి తిరిగొచ్చిన దొరల పుస్తకాలు మన గ్రంథాలయంలో ఉన్నాయి. నేను చదివాను. వాళ్లు వెనక్కి తిరిగితే వివేకం అని రాసుకున్నారు. మన పెద్దమనుషులు కూడా చదివి తలలు ఊపారు. ఎల్లారెడ్డి రైతు వెనక్కి తిరిగితే మాత్రం వాళ్లకు పిరికితనం కనిపించింది.

మొన్ననే యాత్ర నుంచి వచ్చిన మద్నూరు వాళ్లను అడిగి తెలుసుకున్నాను. ఆ కోలీ ఇల్లు వంతులు వదులుకుని రైల్వే పనికి పోయి చాలా రోజులైందట. ఇక ఈ మాట వల్ల ఎవరి కంచంలో కూడూ పోదు. అందుకే బిడ్డను ఆగమన్నాను.

బిడ్డా, ఇంకొక్క సంగతి. మేం కొండ దిగిన మర్నాటి పొద్దున ఆకాశం కడిగినట్టుంది. శిఖరం మీది రాళ్లు లెక్కపెట్టవచ్చు. వకీలు ఇంకో ఇంటి మనిషిని వెంటబెట్టుకుని పైకి బయలుదేరాడు.

"నువ్వు గూడ పో బావా. మనిషి దొరికిండు గద" అన్నాను.

"రాత్రి దమ్ము ఆడనోడు పొద్దుగాల కొండెక్కితె ఊరోళ్లు నమ్ముతరా? ఇంట్ల పండుకున్నోని వంతు పోతది."

"నేను పోయి పెట్టి రానా?"

"నువ్వు పోతె సైరు-షికారు అయితది, మొక్కు గాదు. కూసో."

కూర్చున్నాను. లోపల ఆ మనిషి మేం వెంట తెచ్చిన క్వినైన్ మింగి చెమటలు పట్టి నిద్రపోతున్నాడు. బావ గుడిసె ముందు రాతి మీద కూర్చుని, వాలు మీద చీమల్లా పైకి పోతున్న ఆ ఇద్దరినీ చూస్తున్నాడు. నీళ్లకు పోయే ఆడవాళ్లు దారిన వస్తే చాలు, గుండె మీద చెయ్యి పెట్టుకుని, వంగి, దగ్గేవాడు. వాళ్లు "అయ్యో బాబా" అనుకుంటూ మలుపు తిరిగేదాకా దగ్గేవాడు. తిరగగానే నోరు తుడుచుకుని, మళ్లీ తల ఎత్తి ఆ కొండను చూసేవాడు.