మెత్తళ్ళు చేయించిన ప్రార్థన

మొన్న ఆదివారం భావనపాడులో నా మూలంగా ఒక వాకిలి నిండా జనం వెక్కివెక్కి ఏడ్చారు. ఎవరూ పోలేదు, కంగారుపడకండి! పోయినది నా పరువొక్కటే. అదీ పోయినదో, పెరిగినదో నాకింకా తేలలేదు.

కొన్నాళ్ళుగా భోజనం చేయగానే నా ముఖం ఎర్రబడడం, ఒళ్ళు దురదపెట్టడం, ముక్కు ధారగా కారడం పరిపాటి అయినది. శ్రీకాకుళంలోని డాక్టరుగారు నా తిండిని కొన్ని వారాలు గమనించి, "హిస్టమిన్ ఇన్‌టాలరెన్స్" అన్నారు.

"ఎండబెట్టినవాటిలో, పులియబెట్టినవాటిలో హిస్టమిన్ పోగుపడుతుందమ్మా. దానిని విరిచే ఎంజైము మీకు తక్కువ. కొంచెమైతే ఒళ్ళు ఓర్చుకుంటుంది. కుండ నిండితే మాత్రం పొర్లుతుంది" అని ఎంతో మర్యాదగా వివరించి, అంతే మర్యాదగా నా పళ్ళెంలోని ఎండుచేపలను తీసివేశారు.

ఊరగాయ విడిచాను. పులిసిన తరవాణీ విడిచాను. ఎండు మెత్తళ్ళను ఎలా విడవను? వేటకు పడవలు వెళ్ళని వానరోజుల్లో మా అప్ప ఆ చిన్నచిన్న చేపలను పెనం మీద వేయిస్తుంటే, ఆ వాసనకు నేను చదువుతున్న పుస్తకం మూసి పరుగెత్తేదాన్ని. అప్ప అంటే మా వైపు అక్క. ఇప్పుడు మా కోడలు గ్రేసు ఉడికించిన సొరకాయ వడ్డిస్తుంది. సొరకాయ మంచిదే. దానికోసం ఎవరూ పరుగెత్తరు.

ఆ అప్ప, సువార్తమ్మ, భావనపాడులోనే ఉంటుంది. ఆమె ఇంట ప్రార్థన కూడికకు ఆమదాలవలస నుండి నేనూ కోడలూ వెళ్ళాము.

"అత్తయ్యా, అక్కడేమైనా ముట్టుకున్నారంటే ఇంకెప్పుడూ తీసుకెళ్ళను" అన్నది దారిలో గ్రేసు.

"నేనేమైనా చిన్నపిల్లనా?" అన్నాను.

గ్రేసు వాకిట్లో చాపలు పరుస్తుండగా అప్ప నన్ను వంటింట్లోకి లాగినది.

"ఒసే సెల్లీ! ఏటిలా సిక్కిపోనావు? నీకోసరమే మెత్తళ్ళు వంకాయేసి వండినాను."

"వద్దప్పా. డాక్టరుగారు వద్దన్నారు."

"ఆయనకేటి తెలుసు! సిన్నప్పుడు సట్టి కూడా నాకీసీదానివి. నా సేతి కూడు ఇంకెన్నాళ్ళు తింటావే?"

ఆ చివరి మాటకు పీట వాల్చుకుని కూర్చున్నాను. నా కుండ ఖాళీగానే ఉన్నది కదా, ఒక్క ముద్దకు పొర్లుతుందా అనుకున్నాను. ఒక్క ముద్దే అనుకున్నది, అప్ప కలిపి పెడుతున్నకొద్దీ పళ్ళెం ఖాళీ అయ్యేదాకా సాగినది. ఎంత హాయి!

కూడిక చివర పాస్టరుగారు, "అమ్మా, మీ భాష స్వచ్ఛమైనది. ముగింపు ప్రార్థన మీరే చేయాలి" అన్నారు. గర్వంగా లేచాను.

"పరమ తండ్రీ, మా అపరాధములను..." అనేసరికి చెవులు వేడెక్కినవి. ముఖం మందారమైనది. కళ్ళు, ముక్కు ఒకేసారి వరదలైనవి. గొంతు పూడుకుపోయినది.

"అయ్యో, మామ్మ గుండెల్లో ఎంత బరువున్నాదో సూడండే!" అని ఒకావిడ మొదలుపెట్టినది. పక్కావిడ అందుకున్నది. చాలాకాలంగా మాటల్లేని తోడికోడళ్ళిద్దరు కౌగిలించుకుని భోరుమన్నారు. నేను ముక్కు ఎగబీల్చినకొద్దీ వాకిలంతా కరిగిపోతున్నది!

గ్రేసు ఒక్కతే ఏడవలేదు. నా పక్కకు చేరి, వాసన పీల్చి, "అత్తయ్యా, మెత్తళ్ళా?" అని గుసగుసలాడినది.

నేను గట్టిగా "ఆమేన్" అన్నాను.

గ్రేసు డాక్టరుగారిచ్చిన మాత్ర వేసి, నీళ్ళందించి, "ఇదే ఆఖరుసారి" అన్నది. మెత్తళ్ళు పోతే పోనీ, అప్ప కూడానా? దురద మరిచిపోయి దిగులుపడ్డాను.

అంతలో పాస్టరుగారు చేతులు జోడించి వచ్చారు. "అమ్మా, ఇటువంటి ప్రార్థన నేనెన్నడూ వినలేదు. వచ్చే నెల కూడికకు కూడా మీరే రావాలి!"

నేను గ్రేసు వైపు ఆశగా చూశాను. గ్రేసు నా వైపు, వంటింటి వైపు చూసి, చిరునవ్వుతో చెప్పినది:

"తప్పకుండా తీసుకొస్తాను పాస్టరుగారూ. అయితే ఈసారి అత్తయ్య ఉపవాసముండి ప్రార్థిస్తారు."

వాకిలంతా "హల్లెలూయా" అన్నది. నేనూ అన్నాను. కాని నా ముఖం మాత్రం ఆకాశం వైపు కాక, వంటింట్లో చట్టి అడుగున మిగిలిన మెత్తళ్ళ వైపు ఉన్నది.