చాచా కళ్ళకు అంటగట్టిన తప్పు

ఏళ్ళ తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చెప్పినప్పుడు అది చాలా చిన్న మాట. నోట్లోంచి బయటికి రావడానికి ఊపిరి తీసుకున్నంత సేపు కూడా పట్టలేదు. మా ఆవిడకు తెలియదు. దుకాణంలో నాతో పనిచేసేవాళ్ళకు తెలియదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. ఎదురుగా కూర్చుని చెప్పాల్సి వస్తే ఈసారి కూడా నీళ్ళు నమిలేవాణ్ణి.

గద్వాలలో నాకు కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఉంది. జిరాక్సు సెంటర్లు, ఎరువుల దుకాణాలు, ఫొటో స్టూడియోలు నాకు గిరాకీ. కొత్తలో నాకు మహా పొగరు. ఎవరు ఏం అడిగినా తడుముకోకుండా జవాబు చెప్పేవాణ్ణి. తెలియదు అనే మాట నా నోట వచ్చేది కాదు. సగం మంది నా పని చూసి కాదు, ఆ ధీమా చూసే వచ్చేవాళ్ళని ఇప్పుడు అనిపిస్తుంది.

అట్లా వచ్చినవాళ్ళలో సత్తార్ చాచా ఒకడు. ఆయన చీరల అంచులకు డిజైన్లు గీసేవాడు. చాచా గీసిన బొమ్మను బట్టి అట్టలకు చిల్లులు కొడతారు, ఆ అట్టలు మగ్గం మీది జకార్డుకు ఎక్కిస్తారు, ఏ పోగు లేవాలో ఆ చిల్లులు చెబుతాయి. అంటే గద్వాలలో ఈయన గీసిన గీత అమరచింతలో ఎవరి మగ్గం మీదో పట్టు అంచు అవుతుందన్నమాట. జీవితంలో ఎక్కువ భాగం గళ్ళ కాగితం మీద పెన్సిలుతో గీసి, గడ్డం తెల్లబడ్డాక కంప్యూటర్ నేర్చుకున్నాడు. మిగతావాళ్ళు గళ్ళు లెక్కపెట్టి గీస్తారు. ఈయన లెక్కపెట్టడు. కుర్చీ వెనక్కి జరిపి, ఒక కన్ను చిట్లించి చూసి, ఇంత అని మారుస్తాడు. అది సరిగ్గా ఉండేది. ఎప్పుడూ సరిగ్గానే ఉండేది. అందుకే నేతవాళ్ళకు ఒక అలవాటు పడిపోయింది. వేరేవాళ్ళ అట్టలైతే జానెడు నేసి, ఆపి, డిజైన్ చూసుకునేవాళ్ళు. చాచా అట్టలైతే ఎక్కించి నేసుకుంటూ పోయేవాళ్ళు. ఆయన్ని పరీక్షించడం మర్యాద కాదనుకునేవాళ్ళు.

ఒక వానాకాలం చాచా కంప్యూటర్ ఆగిపోయింది. విండోస్ కొత్తది వేశాను. ఆయన గ్రాఫిక్స్ కార్డు పాతది. కార్డుకూ విండోస్‌కూ మాట కుదిర్చే డ్రైవరు అనే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉండాలి. దానికి సరిపోయేది వెంటనే దొరకలేదు. దాదాపు అలాంటిదే ఒకటి వేశాను. తెర వచ్చింది. కానీ ఆ వెడల్పు తెరకు ఉండాల్సిన కొలత డ్రైవరు చూపించే కొలతల్లో లేదు. పాత చదరపు తెరల కొలత ఒకటి పెట్టాను. బొమ్మ అడ్డంగా సాగి తెరంతా నిండింది. ఆకారం చెడకుండా చూపించమనే అమరిక ఒకటి ఉంటుంది, ఆ డ్రైవరులో అది పనిచేయలేదు. అక్షరాలు లావుగా కనిపించాయి.

నేను చూశాను. ఇది చెప్పాలి. గమనించలేదని తప్పించుకోవడానికి లేదు. ఈ పని చేసేవాడెవడికైనా అది మొదటి చూపులోనే తెలిసిపోతుంది. రేపొచ్చి సరైన డ్రైవరు వెతికి వేద్దాం అనుకున్నాను. అక్షరాలు లావైనట్టున్నాయని చాచా కూడా అన్నాడు. కొత్త విండోస్‌లో అలాగే ఉంటాయి, అలవాటవుతుందని చెప్పాను. ఆయన తలూపాడు. ఆ రేపు రాలేదు. నేను మర్చిపోయాను.

చాచా మాత్రం మర్చిపోకుండా పని చేసుకున్నాడు. ఒక పెళ్ళివాళ్ళ చీరలకు రుద్రాక్షల అంచు గీశాడు. గుండ్రంగా గీసిన రుద్రాక్ష సాగిన తెర మీద అడ్డంగా, లావుగా కనిపించింది. ఆయన తన కంటిని నమ్మి, గుండ్రంగా కనిపించేదాకా వాటిని సన్నం చేశాడు. అట్టలు కొట్టారు. అమరచింతలో లక్ష్మమ్మ అనే నేతామె మగ్గానికి ఎక్కించింది. రుద్రాక్షలు ఖర్జూరాల్లాగ పొడుగ్గా వస్తుంటే ఆమెకూ అనుమానం వచ్చిందట. కానీ చాచా గీసిందాయె, కొత్త ఫ్యాషన్ అయి ఉంటుంది, మనకేం తెలుసు అనుకుందట. పక్క ఇంటివాళ్ళూ అలాగే అనుకున్నారు. చీరలన్నీ నేసేశారు. ఒక్కరు నోరు తెరిచి అడిగినా ఆగిపోయేది. అడగకపోవడమే వాళ్ళు ఆయనకిచ్చే గౌరవం.

చాచా నన్ను పిలిపించాడు. వెళ్ళేసరికి ముందుగదిలో ఆ చీరలు నేయించిన సేటు కూర్చుని ఉన్నాడు. చాప మీద ఒక చీర పరిచి ఉంది. చాచా నిలబడి ఉన్నాడు, సొంత ఇంట్లో పరాయివాడిలాగ. నేను అంచు చూశాను, తెర చూశాను. నాకు క్షణంలో అర్థమైంది.

చాచా నా వైపే చూస్తున్నాడు.

"బేటా, నువ్వు చూసి చెప్పు. ఫరక్ మిషిన్‌ల ఉందా, నా కండ్లల్ల ఉందా? నువ్వేది చెప్తే గదే."

నేను కూర్చుని మౌస్ అటూ ఇటూ కదిపాను. అవీ ఇవీ తెరిచి మూశాను. చూస్తున్నట్టు నటించడానికి ఎంత సేపు పడుతుందో అంతసేపు కూర్చున్నాను.

"మిషిన్ మంచిగనే ఉంది చాచా. జర కండ్లు చూపించుకో."

ఎందుకన్నాను? ఇన్నేళ్ళలో నాకు నేను చాలా కారణాలు చెప్పుకున్నాను. సేటు ఊరంతా చాటింపు వేస్తాడని, దుకాణం కొత్తదని, నష్టం నా నెత్తిన పడుతుందని. అన్నీ నిజాలే. కానీ అసలు సంగతి అది కాదని కూడా నాకు తెలుసు. ఆయన నన్ను నిందించి ఉంటే కొట్లాడైనా చివరికి ఒప్పుకునేవాణ్ణేమో. ఆయన నిందించలేదు. తన మీద అనుమానాన్ని తానే తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేను తీసుకున్నాను. అంత నమ్మిన మనిషిని మోసం చేయడం అంత తేలిక అని నాకు అప్పటిదాకా తెలియదు.

చాచా అద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని తెర వైపు చూశాడు. తర్వాత సేటుతో నష్టం తనదేనని చెప్పాడు. నేను అక్కడే ఉన్నాను. విన్నాను.

ఆయన వనపర్తిలో కంటి డాక్టరు దగ్గరికి పోయిన రోజు చూసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. సర్వీసింగ్ అని ఆయన కోడలితో చెప్పాను. సరైన డ్రైవరు దొరికింది. ఇంత తిప్పలు పడక్కర్లేకుండానే దొరికింది, అదే ఇంకా మండిపోయే సంగతి. వేశాను, తెర అసలు కొలత పెట్టాను, ఆకారం చెడకుండా అమర్చాను. ఆ పిల్ల ఇచ్చిన చాయ్ చల్లారేలోపే అంతా అయిపోయింది. పీడ విరగడైందని చేతులు దులుపుకున్నాను. ఎంత మూర్ఖుణ్ణి.

ఆ వయసులో ఎవరు కళ్ళు చూపించుకున్నా అద్దాల నంబరు కొంత మారే ఉంటుంది. చాచాకు కొత్త అద్దాలిచ్చారు. అవి పెట్టుకుని పాత డిజైన్ తెరిచి చూశాడు. ఇప్పుడు తెర నిజం చెబుతోంది కదా, రుద్రాక్షలు ఖర్జూరాల్లాగే కనిపించాయి. నన్ను పిలిచి చూపించాడు. కోపం లేదు, పైగా మొహంలో ఏదో తేలికదనం. పాత అద్దాలతో గుండ్రంగా కనిపించినవి కొత్త అద్దాలతో ఎలా ఉన్నాయో చూడమన్నాడు. నేను చెప్పకుంటే తాను ఇంకా ఎన్ని చీరలు ఖరాబ్ చేసేవాడో అన్నాడు. నాకు షుక్రియా చెప్పాడు. నా చేయి పట్టుకుని మరీ చెప్పాడు.

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది.

కొత్త అద్దాలొచ్చాయి కదా, మళ్ళీ గీయమని సేటే అడిగాడు. చాచా మొదలుపెట్టాడు కూడా. ఒక గీత గీసి కోడల్ని పిలిచి వంకరుందా అని అడిగేవాడు. పక్కింటివాళ్ళను పిలిచేవాడు. నాకు ఫోన్ చేసేవాడు. కుర్చీ వెనక్కి జరిపి, కన్ను చిట్లించి, అంతసేపూ చూసి, చివరికి తల అడ్డంగా ఊపి లేచిపోయేవాడు. కొన్నాళ్ళకు కంప్యూటర్ అమ్మిపెట్టమని నాకే అప్పగించాడు. నేను దాన్ని ఒక జిరాక్సు సెంటర్‌కు అమ్మాను. అందరూ పెద్దతనం అన్నారు. నేనూ అవునన్నాను.

ఈ మధ్య మా బావమరిది ఎద్దులు కొంటానంటే తోడుగా పెబ్బేరు అంగడికి పోయాను. పగ్గాలు, ఎద్దుల మెడపట్టీలు అమ్మేవాళ్ళ వరసలో చాచా కనిపించాడు. పట్టీలకు రంగుదారాల గొండెలు తానే కుడుతున్నాడట. నన్ను గుర్తుపట్టి, పక్కన చోటు చేసి కూర్చోబెట్టాడు, చాయ్ తెప్పించాడు. అప్పుడే కుట్టిన ఒక పట్టీ నా ముందు ఎత్తి పట్టుకున్నాడు.

"రెండు దిక్కుల గొండెలు బరాబర్ ఉన్నయా బేటా? నా కండ్ల సంగతి నీకు తెల్సు గదా, నువ్వే చూసి చెప్పు."

పోగు తేడా లేదు. కొలబద్ద పెట్టి కొలిచినా అంత సమానంగా రావు. ఎరుపు, పసుపు పోగుల మధ్య ఎడం కూడా ఎక్కడా చెదరలేదు. ఇన్నేళ్ళుగా ఆ కళ్ళు అలాగే ఉన్నాయి. ఆయనే వాటిని నమ్మడం లేదు.

బరాబర్ ఉన్నాయని చెప్పాను. దాని వెనక చెప్పాల్సిన మాట గొంతు దాకా వచ్చింది. అప్పుడు గిరాకీ ఎవరూ రాలేదు, మా బావమరిది పిలవలేదు, నన్ను ఎవరూ ఆపలేదు. చాయ్ తాగి లేచి వచ్చేశాను.

ఇప్పుడు చెబితే ఆయనకు ఒరిగేదేముంది, ఇన్నేళ్ళు ఉత్తపుణ్యానికే పని మానుకున్నానని తెలిసి ఇంకా కుమిలిపోడా అని నన్ను నేను సముదాయించుకుంటాను. ఇది ఆయన మీద దయా, నా పిరికితనమా? దయ అయితే రాత్రిళ్ళు నాకు నిద్ర పట్టాలి కదా.

మిమ్మల్ని క్షమించమని అడగను. క్షమించాల్సిన మనిషి పెబ్బేరు అంగట్లో కూర్చుని, తన చేతిపని సరిగ్గా ఉందో లేదో దారిన పోయేవాళ్ళను అడుగుతున్నాడు. ఆయనకు చెప్పనంతవరకు నాకు విముక్తి లేదు, చెప్పినా ఉంటుందో లేదో తెలియదు. కానీ ఇన్నాళ్ళూ మనసులో కూడా పూర్తిగా అనుకోని మాట ఇప్పుడు రాస్తున్నాను. సత్తార్ చాచా కళ్ళు ఆ రోజు బాగానే ఉన్నాయి. చెడిపోయింది నేను బాగుచేసిన తెర. అది నాకు తెలుసు, తెలిసే అబద్ధం చెప్పాను.

రాయడమైతే రాశాను. ఇప్పుడు ఊపిరి ఆడుతోంది.