గంగే పొలంలో తవ్వని గుంట

నీలకంఠం మట్టి తవ్వే ఉద్యోగంలో చేరిన రోజున వాళ్లమ్మ దేవుడమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. తండ్రి దేముడు ముప్పయ్యేళ్లు కిరండూల్ రైలు లైను మీద గ్యాంగ్‌మన్‌గా పార పట్టాడు. డిగ్రీ చదివిన కొడుకూ చివరికి పారే పట్టాడు. కాకపోతే ఈ పారతో పాటు ఒక ఫోన్ కూడా ఇచ్చారు, పెత్తనమంతా దానిదే. పొలంలో నిలబడితే అది ఎక్కడున్నావో కనిపెట్టి, రైతు ఫొటో తీసి, తేదీ వేసి, సంచికి నంబరిస్తుంది. ఆ సంచిలో మట్టిని ల్యాబులో పరీక్షించి, నేలకేం తక్కువైందో, ఏం వేయాలో కార్డు మీద అచ్చేసి రైతుకిస్తారు.

మంచి పనే. నీలకంఠం దాన్ని నమ్మాడు కూడా. ఇనుప గనుల కొండల కింద పొలాల్లోకి ప్రతి వానకీ ఎర్రనీళ్లు దిగి, ఎండాక అట్టకట్టేవి. ఎవరో ఒకరు కొలిచి అంకెల్లో పెడితే తప్ప పైవాళ్లు ఆ అట్ట వంక చూడరని అతని ఉద్దేశం. అందుకే ఒక్కో పొలంలో ఎనిమిది చోట్ల జానెడు లోతు గుంటలు తీసి, గుంట గోడ వెంబడి పలచగా చెక్కి, ఆ మట్టంతా కలిపి, అందులోంచి అరకిలో సంచికెత్తేవాడు. తోటివాళ్లు ఒక్క గుంటతో సరిపెట్టి ఇతని చాదస్తాన్ని చూసి నవ్వేవాళ్లు. తప్పులు అలవాటైన వాళ్లు ఎలాగోలా బయటపడతారు. ఇలాంటి చాదస్తుడు ఒక్కసారి తప్పు చేస్తే మాత్రం అందులోనే కూరుకుపోతాడు.

ఆ ఒక్కసారి మార్చి ముప్పై ఒకటిన వచ్చింది. బచేలీకి అవతల కొండవారనున్న ఒక పారాలో, అంటే చిన్న పల్లెలో, అన్ని పొలాలూ అయిపోయి, గంగే పొలం ఒక్కటే మిగిలింది. భర్త పోయిన గంగే అప్పటిదాకా భేజ్జిలో చెల్లెలి దగ్గరుండి, ముందురోజే తిరిగొచ్చింది. తీరా ఆ రోజు ఊళ్లో మాటీ తిహార్, మట్టితల్లి పండుగ. ఆ రోజు నాగలి కదలకూడదు, పార దిగకూడదు, చివరికి మేకను కట్టడానికి గుంజ కూడా పాతరు. తప్పినవాళ్లు పందిని బలి ఇచ్చుకోవాలి, ఇచ్చుకునేదాకా వాళ్ల పొలంలో ఎవరూ కాలు పెట్టరు.

కిరండూల్‌లో పుట్టిపెరిగిన నీలకంఠానికి ఇదంతా తెలుసు. సూపర్‌వైజర్ చక్రధరరావుకి ఫోన్ చేసి ఒక్క రోజు ఆగమని బతిమాలాడు. ఈ రాత్రికే పోర్టల్ మూసేస్తారని, ఒక్క పొలం తగ్గినా పారా మొత్తం లెక్కలోకి రాదని, వచ్చే నెల నీ కాంట్రాక్టు పొడిగింపు కూడా ఉంది గుర్తుంచుకోమని ఆయన తాపీగా చెప్పాడు.

నీలకంఠం తవ్వలేదు. సంచి నిండుగా కనబడేలా రాలిన ఇప్పాకులు కుక్కి, అది గంగే చేతికిచ్చి, ఆమె పొలంలోనే నిలబెట్టి ఫొటో తీశాడు. ఆకులకి కూడా పరీక్షలా అని గంగే నవ్వింది. మట్టికి రేపొస్తానన్నాడు. ఆ సాయంత్రం వ్యాన్ ఇంటికే వచ్చి సంచులన్నీ ఇమ్మంది. ఏం చేయాలో తోచక పెరట్లోకెళ్లి, తల్లి చిక్కుడు పాదులోంచి అరకిలో మట్టి తీసి, ఆకులు పారబోసి, గంగే సంచిలో పోశాడు. దేవుడమ్మ ఆ మట్టిని బొబ్బిలి దగ్గరి పుట్టింటి నుంచి గోనెసంచుల్లో రైల్లో తెచ్చుకుంది. ఇరవై ఏళ్లుగా దానికి పెంట వేస్తూ బిడ్డలా సాకుతోంది.

తొలకరికి కార్డులొచ్చాయి. ఊరి ఆరోగ్య కార్యకర్త జోగే ఒక్కొక్కటీ చదివి వినిపించింది. గంగే పొలం బ్రహ్మాండంగా ఉందట, ఏమీ వేయనక్కర్లేదట. ఆ ఎర్ర అట్టలోనా అని అందరూ ఘొల్లుమన్నారు. ఆ తర్వాత జోగే తేదీ చదివింది. నవ్వులు ఆగిపోయాయి. మాటీ తిహార్ నాడు మట్టి తీసినట్టు సర్కారు కాగితమే చెప్తోంది. నిండు సంచి పట్టుకుని నవ్వుతున్న గంగే ఫొటో కూడా ఉంది.

చేయని తప్పుకి పందిని ఇవ్వనని గంగే భీష్మించింది. ఊరూ పట్టు విడవలేదు. చుట్టుపక్కల నాట్లు మొదలయ్యాయి, ఆమె పొలం గట్టు ఎవరూ ఎక్కలేదు. నారు ముదిరిపోతోంది. ఒక్క మనిషి వంగి ఎంతని నాటుతుంది?

ఈ సంగతి చెప్తే చక్రధరరావు తేలిగ్గా తేల్చేశాడు. తవ్వానని చెప్పేయమన్నాడు, పంది ఖర్చు తాను పెట్టుకుంటానన్నాడు. తవ్వలేదంటే పోయేది ఒక్క ఉద్యోగం కాదని, నీలకంఠం ఇన్నాళ్లూ తీసిన మట్టంతా అబద్ధమేనంటారని కూడా అన్నాడు. అక్కడే నీలకంఠం చిక్కుకున్నాడు. నిజం చెప్తే మిగతా నిజాలు కూడా పోతాయి. సిగ్గు చంపుకుని పంది మాటతోనే గంగే ఇంటికెళ్లాడు.

గంగే తన హల్బీ భాషలో నెమ్మదిగా అంది. "పందినిస్తే నేను తవ్వించినట్టే కదా. నువ్వు తవ్వలేదు, నేను పక్కనే ఉన్నాను. నువ్వొక్క మాట చెప్తే పోయేదానికి పంది ఎందుకు చావాలి?"

నీలకంఠం రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు దేవుడమ్మ నిలదీస్తే కక్కేశాడు. ఆవిడ పాదు వైపు చెయ్యి చూపింది.

"నా మట్టట్టుకెళ్లి ఆ మనిషి పేరెట్టినావా? అదే మట్టి ఆళ్లకి సూపించు. నాను మూట కట్టిస్తాను, ఎల్లు."

ఊరి పెద్ద మంగ్లూ ముందు నీలకంఠం ఆ మూట విప్పాడు. మంగ్లూ నల్లమట్టిని వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, ఇది మా నేల కాదన్నాడు. నీలకంఠం ఏదీ దాచకుండా చెప్పాడు. గంగే తప్పేం లేదని తీర్పు వచ్చింది, రేపు అందరూ నాటుకి రావాలన్నారు. మట్టి పేరు మీద అబద్ధమాడినందుకు నీలకంఠానికి ఒక కోడి జరిమానా వేశారు. ఇంతేనా అని అతనికి ఏడుపొచ్చింది.

కానీ గంగే అతన్ని వదల్లేదు. ఇప్పుడు నా మట్టి తియ్యి అని పొలానికి తీసుకెళ్లింది. ఎనిమిది గుంటలూ తీశాడు. వానకి నానినా పైన మూడు వేళ్ల మందాన ఎర్ర అట్ట పారని ఎదురుతన్నింది. సంచి నింపి ఫోన్ తెరిచి నొక్కాడు. ఈ పొలానికి కార్డు ఇచ్చేశాం, మళ్లీ మూడేళ్ల తర్వాతే అంది ఫోన్. మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే మాట.

ఏమంటోందని గంగే అడిగింది. చెప్పాడు. ఈ ఎర్రమట్టి తీయించమని ఎక్కడ అర్జీ పెట్టినా ముందు ఆ కార్డే చూస్తారని, అందులో ఈ నేల బాగుందనే ఉంటుందని చెప్పాడు. ఆమె కోప్పడలేదు. ఫోన్ వంకా పొలం వంకా చూసింది.

"అయితే మూడేళ్లు నా పొలంలో మీ అమ్మ చిక్కుడు పాదే ఉంటుందన్నమాట."

నీలకంఠం నంబరు రాని సంచి మీద పెన్సిలుతో గంగే అని రాసి ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ నెలాఖరుకి కాంట్రాక్టు ఆపేసి ఫోన్ వెనక్కి తీసుకున్నారు. సంచి ఇంకా దేవుడమ్మ వంటింట్లో మేకుకి వేలాడుతోంది. నంబరు లేని మట్టిని ఏ ల్యాబూ తీసుకోలేదు.