సోమవారం వరండా

కొత్తపేట దగ్గర కాలువల సెక్షన్‌లో నేను ఆఫీసరుగా ఉన్నప్పుడు, తూముల షట్టర్లు ఎత్తి దించే లస్కర్లు ఆరుగురూ ప్రతి సోమవారం ఆఫీసు వరండాలో చేరేవారు. టీ తాగుతూ గంటసేపు కబుర్లు. చూస్తే నాకు ఒళ్లు మండేది. సెల్‌ఫోన్లు రాగానే ఆ పద్ధతి ఎత్తేశాను. ఎవరు ఏ తూముకి ఎంత నీరు వదలాలో పొద్దున్నే ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేవాణ్ణి. అందరూ "ఆయ్, అలాగేనండి" అనేవారు. పది నిమిషాల్లో పని అయిపోతోందని మురిసిపోయాను.

ఆ ఏడు దాళ్వాకి, అంటే రెండో పంటకి, నీళ్లందక కాలువ చివరి శివారు చేలు బీటలు వారాయి. రైతులు ఆఫీసు మీదికొచ్చారు. నేను మండిపడుతూ చివరి తూము దగ్గరికి వెళ్లాను. లస్కర్లందరిలోకీ పెద్దాయన షట్టరు చక్రాన్ని ఎడంచేత్తో తిప్పలేక తిప్పుతున్నారు. కుడిచెయ్యి పైకి లేవడం లేదు.

"రోజూ ఫోన్లో ఆయ్ అన్నావు కదయ్యా!" అని అరిచాను.

"తమరు చెప్పేక కాదని ఎలా అంటామండి?" అన్నారాయన.

ఆ చెయ్యి పడిపోయి ఏడాది దాటిందట. వరండాలో ఆయన టీ గ్లాసు ఎడంచేత్తో అందుకోవడం మిగతావాళ్లు చూశారు. ఆ వారం ఏ రోజు ఎవరు వెళ్లి ఆ చక్రం తిప్పాలో అక్కడే మాట్లాడుకునేవారు. నేను కబుర్లనుకున్నది అదే. ఒకరికి చెప్పింది ఇంకొకరికి తెలియకుండా చేసింది నేనే.

మరుసటి సోమవారం నేనే టీ తెప్పించాను. ఆరుగురూ వచ్చారు. నేను వరండాలో కూర్చున్నంతసేపూ ఒక్కరూ నోరు విప్పలేదు.