లోడ్ గాలి, ఖాళీ గాలి

కొత్త టైరు వాసన తగిలితే నాకు ముందు పోశక్క గుర్తొస్తుంది, తర్వాతే టైరు. ఇప్పుడు మెట్‌పల్లిలో టైర్ల దుకాణం ముందు నా పికప్ బండి జాకీ మీద ఉంది. వెనుక మక్కజొన్నల బస్తాలు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. టైర్లు బిగించే అతను చెమట తుడుచుకుంటూ, "లోడ్ దించుకొని రావొద్దా అన్నా, మా నడుములు ఇరుగుతున్నయ్" అని సణుగుతున్నాడు. నడుము నొప్పి నాకూ ఉంది. పొద్దున ఖానాపూర్ దగ్గర ఎత్తిన బస్తాలు ఇంకా భుజాల మీదే ఉన్నట్టున్నాయి. ఎందుకిలా లోడ్‌తో వచ్చానో విడమరిచి చెప్పే ఓపిక లేక "నాకిట్లనే అలవాటు" అన్నాను. అతను గాలి గొట్టం అందుకుని, అందరినీ అడిగే మాటే నన్నూ అడిగాడు. "లోడ్ గాలి కొట్టాల్నా, ఖాళీ గాలి కొట్టాల్నా?"

బరువు మోసే టైరులో గాలి గట్టిగా ఉండాలి. అదే గాలితో ఖాళీగా పోతే బండి ప్రతి గుంతకూ ఎగిరిపడుతుంది. అడగాల్సిన మాటే అడిగాడు పాపం. నేను మాత్రం బండి వైపు చూశాను.

ఈ బండి పోశక్కది. మా వీధిలోనే, రెండిళ్ల అవతల ఉండేది. బండి నడిపే భర్త పోయాక, అమ్మేసుకొమ్మని చుట్టాలందరూ చెప్పారు. "నాకు బండి నడుపుడు రాదు. గని బండికీ నాకూ అన్నం పెట్టుడు వచ్చు" అని వాళ్ల నోళ్లు మూయించింది. డ్రైవర్లు వచ్చేవాళ్లు, పోయేవాళ్లు. ఎవరున్నా ఆమె మాత్రం ప్రతి ట్రిప్పులో ఎడమ సీట్లో కూర్చునేది, ఒళ్లో ఆకువక్కల సంచితో. నేను ఎడారి దేశం నుంచి తిరిగొచ్చిన రోజులవి. పనిచేసిన కంపెనీ మూతపడింది. మనిషిని వచ్చానే గానీ మనసు రాలేదు. పగలంతా గోడకు ఆనుకుని కూర్చునేవాణ్ణి. ఇంకో వీసా ఉందని ఏజెంటు ఫోన్ చేస్తుండేవాడు. నా భార్య పొమ్మనేది కాదు, ఉండమనేదీ కాదు. నా బిడ్డకు నన్ను చూస్తే ఇంకా కొత్తే. పోవాలో ఉండాలో తేలక పాస్‌పోర్టు చొక్కా జేబులోనే పెట్టుకు తిరిగేవాణ్ణి.

ఒకరోజు పోశక్క వచ్చి బండి తాళంచెవి నా ముందు పెట్టింది. "తమ్మీ, గా పాసుపోర్టు పెట్టెల పెట్టుకుంటవో జేబుల పెట్టుకుంటవో నీ ఇష్టం. పసుపు మాత్రం రేపు పొద్దుగాల అంగడికి పోవాలె."

"నేను మళ్ల పోతనేమో అక్కా."

"పొయ్యేనాడు పోదువు తియ్. రేపైతే పోతలేవు గద?"

అలా మొదలైంది. ఆమెకు టైర్ల గురించి పెద్దగా తెలుసని చెప్పను. టైరు మీది అంకెలు ఆమెకు ఒక్కటీ అర్థమయ్యేవి కావు. నున్నగా అరిగిన టైరును కూడా "ఇంకో పంట మోస్తది తియ్" అని తిప్పేది. అది దారి మధ్యలో పగిలితే ఇద్దరం ఎండలో కూర్చుని ఒకరినొకరం తిట్టుకునేవాళ్లం. కానీ ఒక పట్టుదల మాత్రం ఉండేది. టైరు కొనాలంటే బండిని నిండా లోడ్‌తో దుకాణానికి తేవాలి. కొత్తది బిగించాక కిందికి వంగి, టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య సందులో చేయి పెట్టేది. నాలుగు వేళ్లు దూరితే సరే, లేకపోతే విప్పాల్సిందే. దుకాణం వాళ్లు ఆమెను చూస్తేనే మొహాలు మాడ్చుకునేవాళ్లు. "ఎద్దును కొట్టంల జూసి కొంటరా? కాడి కింద జూడాలె" అనేది వాళ్లతో. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అని నేను వెక్కిరించేవాణ్ణి.

మాట్లాడటం మానేసిన నేను ఒక్క విషయంలో మాత్రం వాగేవాణ్ణి. ఎడారిలో నేను నడిపిన పికప్ బండ్ల చక్రాల గురించి. వెడల్పాటి టైర్లు, నిగనిగలాడే అల్లాయ్ డిస్కులు. ఇసుక రాగానే దిగి టైర్లలో గాలి కొంత తీసేసి వదిలితే, పడవ తేలినట్టు తేలిపోయేది బండి. అక్కడ నాకు సంతోషమంటూ తెలిసింది ఆ కాసేపే. పోశక్క ఆకు నములుతూ వినేది. దసరా దగ్గరపడ్డాక ఓ పొద్దున, "అసొంటియే మన బండికి ఏపిద్దాం పా, కరీంనగర్ల దొరుకుతయట" అంది. నేను నమ్మలేదు. ఎన్నడూ ఖాళీ బండితో టైర్ల దుకాణం మెట్లెక్కని మనిషి, ఆ రోజు ఖాళీ బండితో వచ్చింది.

ఆ మధ్యాహ్నమంతా పెళ్లికి చీరలు ఏరినట్టు చక్రాలు ఏరాం. "గీ పువ్వుదా, గా చుక్కదా?" అని ప్రతి డిస్కు ముందూ ఆగింది. చివరికి పువ్వుదే తీసుకున్నాం. టైర్లు మడ్‌గార్డు దాటి బయటికి పొడుచుకొచ్చాయి. దుకాణం అతను, "అక్కా, బండి సూపర్ కొడుతున్నది" అన్నాడు. పోశక్క నవ్వింది. వంగి నాలుగు వేళ్లు పెట్టి చూడలేదు. నేను గమనించాను, అడగలేదు. దసరా నాడు బంతిపూల దండలు కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. నా బిడ్డ మొదటిసారి తనంత తానే వచ్చి నా ఒళ్లో కూర్చుని హారన్ కొట్టింది.

పండగ వెళ్లిన కొద్ది రోజులకు ఖానాపూర్ వైపు పత్తి లోడ్‌కు పోయాం. అకాలపు వాన పడి వెలిసింది. చేను దాటి బాట ఎక్కేలోగానే బండి ఆగిపోయింది. ఇసుకలో తేలిన టైరు రేగడిలోనూ తేలాలని చూసింది. రేగడిలో తేలితే పని కాదు. సన్న టైరైతే బురదను కోసుకుని అడుగునున్న గట్టి నేలను పట్టుకుంటుంది. మా వెడల్పు టైర్లు బురదను చుట్టుకుని, మడ్‌గార్డు నిండా మెత్తి, ఇక తిరగనని మొరాయించాయి. పత్తి మోస్తున్న ఎడ్లబండి ఒకటి మా పక్క నుంచే మెల్లగా పోయింది. దాని మీది ముసలాయన "ఏమాయె, దుబాయి బండికి ఆకలైందా?" అని నవ్వాడు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, నాకు ఏడుపొచ్చినంత పనైంది. చేతులతో బురద గీకుతూ, "నాకు అడుగుడు రాదు, నీకు చూసుడు రాదు. నిండు బండి తెచ్చి చూస్తె అయిపోతుండె గద అక్కా" అని ఆమె మీదే అరిచాను.

పోశక్క చీర మోకాళ్ల దాకా ఎగగట్టుకుని, అవతలి చక్రానికి అంటిన మట్టి తీస్తోంది. తల ఎత్తలేదు. "గిట్లయితదని నాకెరికేరా తమ్మీ. నిండు బండి తెస్తె వేళ్లు పోవు. పోకపోతె నేనే వద్దంట. అందుకే ఖాళీది తెచ్చిన."

"ఎరికై ఉండి ఎందుకు కొన్నవ్?"

"గా చక్రాల ముచ్చట చెప్పినప్పుడే నీ మొకం తేటగైతది. గవి ఈడ్నే ఉంటే నువ్వు గూడ ఈడ్నే ఉంటవనుకున్న."

నా కోసం ఒక మనిషి తెలిసి తెలిసి తప్పు టైరు కొంది. ఆ బురదలోనే కూర్చుని ఏడ్చాను, అక్కడ ఉన్నన్నేళ్లలో ఏడవనిదంతా. ఆమె ఓదార్చలేదు. "ఏడ్చుడు అయినంక ఆ పక్క మన్ను తియ్" అంది. సాయంత్రానికి ఒక ట్రాక్టర్ వచ్చి మమ్మల్ని లాగింది. మరునాడు పాత చక్రాలే మళ్లీ ఎక్కాయి. ఏజెంటుకు రానని చెప్పేశాను. పాస్‌పోర్టు పెట్టె అడుగుకు పోయింది. పువ్వు డిస్కులు చాలా కాలం పోశక్క వాకిట్లోనే ఉన్నాయి. ఒక దాంట్లో కోడి పొదిగి పిల్లలు లేపింది. "అల్లాయ్ కోళ్లు" అని వాటిని చూపించి వచ్చినవాళ్లందరినీ నవ్వించేది.

పోయినేడు ఆమెకు కడుపులో జబ్బు ముదిరింది. కరీంనగర్ ఆసుపత్రిలో ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. అంబులెన్స్ పిలుస్తానంటే, "మన బండి ఉండంగ అదెందుకు?" అంది. వెనుక గడ్డి పరిచి, బొంతలు వేసి పడుకోబెట్టాం. అత్తగారింటి నుంచి వచ్చిన పోశక్క కూతురు, తల్లి తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. టైర్లలో గాలి లోడ్‌కు కొట్టిందే ఉంది. బాటలో చిన్న రాయి తగిలినా బండి ఎగిరేది, ఎగిరినప్పుడల్లా వెనుక నుంచి సన్నని మూలుగు వినిపించేది. జగిత్యాల దాటాక పక్కకు ఆపి, దిగి, ఎడారిలో నేర్చిన పనే చేశాను. ఒక్కో చక్రం దగ్గరా కూర్చుని గాలి తీయడం మొదలుపెట్టాను. ఆ బుస్సుమన్న చప్పుడు విని ఆమె కళ్లు తెరిచింది.

"గాలెందుకు తీస్తున్నవ్ తమ్మీ? మక్కలు ఎయ్యాలె గద."

"బండి ఎగురుతున్నదక్కా. ఖాళీగ ఉన్నది."

"ఖాళీ ఎట్లయితది?" అంది. "నేనున్న గద."

నేను తల వంచుకుని మిగిలిన చక్రాల్లో కూడా గాలి తీశాను. నడక వేగంతో ఇల్లు చేరాం. వారం తిరగకుండానే ఆమె పోయింది. బండిని ఆమె కూతురు నాకే వదిలిపెట్టింది.

టైర్లు బిగించే అతను జాకీ దించి, గొట్టం పట్టుకుని ఇంకా నా వైపే చూస్తున్నాడు. "చెప్పన్నా. పొయ్యేటప్పుడు లోడ్ సరే, వచ్చేటప్పుడు ఖాళీయే గద?" నేను వంగి, సందులో చేయి పెట్టి చూశాను. నాలుగు వేళ్లూ దూరాయి. పైకి లేవడానికి డోరు పట్టుకోవాల్సి వచ్చింది. అలవాటుగా కళ్లు ఎడమ సీటు మీదికి పోయాయి.

"వచ్చేటప్పుడు గూడ ఖాళీ ఉండదు. లోడ్ గాలే కొట్టు" అన్నాను. గుంతల దగ్గర నేనే మెల్లగా పోతాను.